ఏడు ఫోటాన్లు

పోయిన నవంబరులో మూడు రోజులపాటు నేను ఒక నక్షత్రం మీద పేలుడు కనిపెట్టినవాణ్ణి. నాలుగో రోజుకి మళ్ళీ మామూలు సీఎస్‌ఈ సెకండియర్ అయిపోయా.

ఆ మూడు రోజుల్లో చాలా జరిగిపోయాయి. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పా. అమ్మ మా పెద్దనాన్నకి చెప్పింది. పెద్దనాన్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు, పక్కన రాకెట్ బొమ్మ కూడా వేసి. నేను ఊరుకోకుండా టెక్ ఫెస్ట్‌కి పోస్టర్ కూడా రిజిస్టర్ చేసేశా. తర్వాత అన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మన క్లబ్ ఎడిటర్ అక్కకి ఈ కథ చెప్తే నవ్వి, "అదే రాయి. కానీ నీ బాధ ఒక్కటే రాయకు, సబ్జెక్టు అర్థమయ్యేలా రాయి" అంది. పదో తరగతి దాకా తెలుగు మార్కుల కోసమే చదివినవాణ్ణి, కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకోండి. లెక్కల్లో తప్పులుంటే మాత్రం తప్పకుండా చెప్పండి.

అసలు దీని జోలికి ఎందుకెళ్ళానంటే ఒక వార్త చదివి. ఇటలీలో మిలాన్ దగ్గర సరోన్నో అనే ఊరుంది. అక్కడి హైస్కూలు పిల్లలు, అంటే నా కంటే చిన్నవాళ్ళు, మిలాన్‌లోని ఖగోళ శాస్త్రవేత్తలతో కలిసి ఒక పాత డేటా ఆర్కైవ్ వెతికారు. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అని యూరప్ వాళ్ళ ఎక్స్‌రే టెలిస్కోపు ఉంది, 1999 డిసెంబరు నుంచీ అంతరిక్షంలో తిరుగుతోంది. అది 2005లో చూసిన ఒక తారాగుచ్ఛంలో, ఎన్‌జీసీ 6540 దాని పేరు, ఒక మసక చుక్క ఉన్నట్టుండి 40 రెట్లకి పైగా వెలిగి, ఐదు నిమిషాల్లో మళ్ళీ మామూలైపోయింది. ఆ డేటా పన్నెండేళ్ళు అలాగే పడి ఉంది. ఆ ఐదు నిమిషాల మీద 2018లో పేపరు వచ్చింది. నాకు ఇందులో నచ్చింది ఒకటే: డేటా ఫ్రీ. నాకూ లాప్‌టాప్ ఉంది, హాస్టల్ వైఫై ఉంది, పైథాన్ వచ్చు. ఇంకేం కావాలి?

ఇంకేం కావాలో ఇప్పుడు చెప్తా.

ముందు డేటా ఎలా ఉంటుందో చూద్దాం. ఎక్స్‌రేలు మన గాలిని దాటి నేల మీదకి రావు, అందుకే టెలిస్కోపు పైకి వెళ్ళాలి. ఇంకో చిక్కు, మామూలు అద్దం పెడితే ఎక్స్‌రే తిరిగి రాదు, అందులో కలిసిపోతుంది. చెరువులో పెంకు నిలువుగా వేస్తే మునిగిపోతుంది, నీళ్ళకి ఆనినట్టు ఏటవాలుగా విసిరితే గెంతుకుంటూ పోతుంది కదా, ఎక్స్‌రేలకీ అదే పద్ధతి. అద్దాన్ని దాదాపు పక్కవాటుగా తాకితేనే అవి వంగి కెమెరా వైపు వెళ్తాయి. ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌లో ఇలాంటి టెలిస్కోపులు మూడున్నాయి, ఒక్కోదాంట్లో బంగారు పూత వేసిన 58 అద్దాలు ఉల్లిపాయ పొరల్లా ఒకదాంట్లో ఒకటి అమర్చి ఉంటాయి.

ఇంత చేసినా వచ్చే ఫోటాన్లు చాలా తక్కువ. మన ఫోన్ కెమెరాలో ఒక్క ఫొటోకి ఎన్ని ఫోటాన్లు పడతాయో లెక్కే ఉండదు. ఇక్కడ మసక నక్షత్రం నుంచి నిమిషానికి ఒకటి వస్తే గొప్ప. అందుకే ఇక్కడ బొమ్మ తీయరు, పద్దు రాస్తారు. ఈ ఫోటాన్ ఏ సమయానికి వచ్చింది, కెమెరాలో ఎక్కడ పడింది, దాని శక్తి ఎంత. ఒక్కో ఫోటాన్‌కి ఒక్కో వరుస. పీఎన్ అనే కెమెరా మామూలు పద్ధతిలో సెకనుకి పదమూడు సార్లకి పైగా చదువుతుంది కాబట్టి సమయం బాగానే తెలుస్తుంది. మీరు డీబీఎంఎస్ చదివుంటే, ఇది ఒక టేబుల్, అంతే. నక్షత్రాల టేబుల్ అని ఎక్కువ ఊహించుకోవద్దు. అంకెలే.

ఆ టేబుల్లోంచి ఒక చుక్క చుట్టూ గుండ్రంగా గీత గీసి, అందులో పడ్డ ఫోటాన్లు మాత్రం తీసుకుని, సమయాన్ని సమాన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఎన్ని పడ్డాయో లెక్కపెడితే వచ్చేదే లైట్ కర్వ్. ఒక్కో ముక్కని బిన్ అంటారు. ఏ బిన్‌లో అయినా లెక్క పైకి లేస్తే ఫ్లేర్ అయి ఉండొచ్చు. పేపర్లో సౌరజ్వాల అని రాస్తారే, అలాంటిదే వేరే నక్షత్రం మీద. నేను మాత్రం ఫ్లేర్ అనే అంటా.

మరి బిన్ ఎంత వెడల్పు ఉండాలి? ఇది వినడానికి చిన్న ప్రశ్న. ఒక చుక్క నుంచి సగటున 100 సెకన్లకి ఒకటిన్నర ఫోటాన్లు వస్తున్నాయనుకోండి. ఒక 100 సెకన్లలో ఫ్లేర్ వచ్చి పది ఫోటాన్లు అదనంగా ఇచ్చింది. మీరు 5,000 సెకన్ల బిన్ పెట్టారు. అందులో మామూలుగానే 75 ఉంటాయి, ఇప్పుడు 85. ఆ 75 అనేది దానంతట అదే అటూఇటూ తొమ్మిది దాకా ఊగుతూ ఉంటుంది కాబట్టి 85ని చూసి ఎవరూ కన్నెత్తరు. ఫ్లేర్ మునిగిపోయింది. పోనీ 5 సెకన్ల బిన్ పెట్టారు. అప్పుడు ఆ పది ఫోటాన్లు ఇరవై బిన్లలోకి చెల్లాచెదురైపోయి ఒక్కోదాంట్లో ఒకటో సున్నానో కనిపిస్తాయి. మళ్ళీ మునిగింది. సరిగ్గా 100 పెట్టి, అదీ సరైన చోట మొదలుపెడితే, ఒకటిన్నర ఉండాల్సిన చోట పదకొండో పన్నెండో నిలబడి కనిపిస్తాయి. అంటే ఫ్లేర్ ఎంతసేపు ఉంటుందో ముందే తెలిస్తే దాన్ని పట్టుకోవడం తేలిక. తెలీదు కాబట్టే వెతుకుతున్నాం.

నేను చేసిన మొదటి పని 50, 100, 200 సెకన్ల బిన్లతో మూడు రకాల గ్రాఫులు గీయించడం. పేజీలు తిప్పుతూ పోయా. నాలుగో చుక్క, 100 సెకన్ల గ్రాఫు. సగటు ఒకటిన్నర. ఒక్క చోట ఏడు.

రాత్రి రెండున్నర. రూమ్మేట్‌ని లేపేశా.

వాడు తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవాడు. కళ్ళు నులుముకుంటూ, "పాయిజాన్ విభాజనం వేశావా?" అన్నాడు. నాకు ఆ మాట అర్థం కాలేదు. తర్వాత చూస్తే అది టూ-ఏ పుస్తకంలో చివరి చాప్టరు, నేను ఇంగ్లీషులో చదివి ఎంసెట్ అయిపోగానే మర్చిపోయింది. మా హాస్టల్ బైకుల షెడ్డుకి రేకుల కప్పు ఉంది. వాన మొదలయ్యేటప్పుడు దాని కింద నిలబడితే పాయిజాన్ అంటే ఏంటో చెవులకే తెలుస్తుంది. చినుకులు లెక్క ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి పడవు. టప్. తర్వాత చాలాసేపు ఏం ఉండదు. తర్వాత టపటపటప్ మని మూడు నాలుగు ఒకేసారి. మేఘం ఆ క్షణంలో ఎక్కువ కురిసిందనా? కాదు. ఒక చినుక్కి ఇంకో చినుకుతో సంబంధం లేకుండా పడితే గుంపులు వాటంతటవే ఏర్పడతాయి. మనకి మాత్రం గుంపు కనిపించగానే కారణం వెతకాలనిపిస్తుంది.

ఫోటాన్లూ అంతే. నక్షత్రం ఒకే తీరుగా వెలుగుతున్నా బిన్లలో 0, 2, 1, 1, 4, 0, 3 ఇలా వస్తాయి. సగటు ఒకటిన్నర అయితే ఒక బిన్‌లో ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊరికే రావడానికి ఎంత సంభావ్యత? ఫార్ములాలో వేస్తే 0.00093 వస్తుంది. అంటే సుమారు 1,080 బిన్లకి ఒక్కసారి. రూమ్మేట్ నిద్ర పూర్తిగా పోయింది. వెయ్యికి ఒకటి! 99.9 శాతం ఫ్లేర్ అని ఇద్దరం తేల్చేశాం. వాడు కిందకెళ్ళి టీ తెచ్చాడు. పొద్దున్నే అమ్మకి ఫోన్.

మూడో రోజు మా ఫిజిక్స్ మేడమ్ దగ్గరికి గ్రాఫు పట్టుకెళ్ళా. మేడమ్ గ్రాఫు చూడలేదు. అంటే చూశారు, కానీ ఆ ఏడు వైపు చూడలేదు. మిగతా పేజీల వైపు చూస్తూ అడిగారు:

"మొత్తం ఎన్ని బిన్లు చూశావు నువ్వు?"

ఒక్కో చుక్కని టెలిస్కోపు 30,000 సెకన్లు చూసింది. 100 సెకన్ల చొప్పున 300 బిన్లు. అది నాలుగో చుక్క. 1,200 బిన్లు మేడమ్, అన్నాను. అంటూ ఉండగానే నాకే అర్థమైపోయింది. వెయ్యి ఎనభై బిన్లకి ఒకసారి జరిగేది 1,200 బిన్లు చూస్తే ఒకసారి జరిగింది.

తిరునాళ్ళలో రింగులాట చూశారుగా. ఒక్క రింగు విసిరి సబ్బుపెట్టె గెలిచినవాడికి చేతివాటం ఉందనొచ్చు. మూడొందల రింగులు కొని ఒక్క సబ్బుపెట్టెతో ఇంటికొచ్చి, విసిరిన మిగతా 299 సంగతి చెప్పకుండా అది మాత్రం చూపిస్తే? నేను చేసింది అదే. పైగా నేను కావాలని దాచలేదు. నాకే ఆ 1,199 గుర్తులేవు. వాటిలో చూడ్డానికి ఏం లేదు కదా మరి, పేజీ తిప్పేశా. మూడు రకాల వెడల్పులు చూశాను కాబట్టి నిజానికి విసిరిన రింగులు ఇంకా ఎక్కువ. మేడమ్ చెప్పాక బిన్లు మొదలయ్యే చోటుని 40 సెకన్లు పక్కకి జరిపి చూశా. నా ఏడు కాస్తా నాలుగూ మూడుగా రెండు బిన్లలోకి విడిపోయింది. గ్రాఫులో ఏ శిఖరమూ లేదు.

దీన్నే ట్రయల్స్ లెక్క అంటారట. నేను డౌన్‌లోడ్ చేసుకున్న చుక్కలు మొత్తం 40. అన్నిటి సగటూ ఒకటిన్నరే అనుకుంటే 12,000 బిన్లు. ఏ ఫ్లేరూ లేకుండానే ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న బిన్లు సగటున 11 రావాలి. నమ్మకం కలగక నంపైలో పాయిజాన్ అంకెలు పుట్టించి, నలభై కృత్రిమ నక్షత్రాలు చేసి, వెయ్యి సార్లు తిప్పా. పదకొండే వచ్చింది. ఈ ఒక్క ప్రోగ్రాము, గట్టిగా ఆరు లైన్లు, నేను ఆ రాత్రి రెండున్నరకి రాసుంటే పెద్దనాన్న గ్రూపులో ఏమీ పెట్టేవాడు కాదు.

మరి ఎంత వస్తే నమ్మాలి? 12,000 బిన్లలో ఎక్కడా ఒక్క అబద్ధపు అలారం కూడా మోగకూడదు, మోగే అవకాశం మొత్తం మీద వందకి ఒకటి మించకూడదు అనుకుందాం. అప్పుడు ఒక్కో బిన్‌కి ఆ అవకాశం పది లక్షలకి ఒకటి కంటే కొంచెం తక్కువుండాలి. సగటు ఒకటిన్నర ఉన్నప్పుడు ఆ హద్దు 11 దగ్గర వస్తుంది. ఏడు కాదు, పది కూడా చాలదు, పదకొండు. సరోన్నో పిల్లల ఫ్లేర్ 40 రెట్లు పెరిగింది. నా చుక్క అలా పెరిగుంటే బిన్‌లో 60 ఉండేవి. అప్పుడు లెక్కా అక్కర్లేదు, మేడమూ అక్కర్లేదు. ఈ గొడవంతా మధ్యలో ఉన్నవాటితోనే. హద్దు తగ్గిస్తే అబద్ధాలు లోపలికొస్తాయి, పెంచితే చిన్న నిజమైన ఫ్లేర్లు బయటే ఉండిపోతాయి. రెండూ ఒకేసారి తప్పించుకునే దారి నాకైతే ఎక్కడా కనిపించలేదు.

బిన్ వెడల్పు బాధ మాత్రం తప్పించుకోవచ్చు. ఇక్కడే మన సీఎస్‌ఈ వాళ్ళకి పండగ. నాసాలో జెఫ్రీ స్కార్గిల్ అనే ఆయన 1998లో బేయిజియన్ బ్లాక్స్ అని ఒక పద్ధతి ఇచ్చారు, 2013లో దాన్ని ఇంకా మెరుగుపరిచారు. ఆలోచన ఇది: సమాన ముక్కలుగా కోయడం మానేద్దాం. ఎక్కడ కోయాలో ఫోటాన్లే చెప్పాలి. మొత్తం సమయాన్ని కొన్ని బ్లాకులుగా విడగొట్టండి, ఒక్కో బ్లాకులో వెలుగు స్థిరం అనుకోండి. ఒక బ్లాకుకి స్కోరు ఎంతంటే, అందులో ఉన్న ఫోటాన్ల సంఖ్యని, ఆ బ్లాకు రేటు లాగరిథమ్‌తో గుణిస్తే వచ్చేది. రేటు అంటే ఫోటాన్లు భాగించు సమయం. అన్ని బ్లాకుల స్కోర్లూ కలపండి. ఇలాగే వదిలేస్తే ప్రతి ఫోటాన్ చుట్టూ ఒక గోడ కట్టేస్తుంది కాబట్టి, గోడ కట్టినప్పుడల్లా ఇంత అని జరిమానా. జరిమానా పోను ఎక్కువ స్కోరు వచ్చే విభజన ఏదో అదే జవాబు.

విభజనలు ఎన్నున్నాయి? 450 ఫోటాన్లుంటే రెండు పవర్ నాలుగొందల పైచిలుకు. విశ్వం అయిపోయేదాకా తిప్పినా అవ్వదు. కానీ డీఏఏ క్లాసులో రాడ్ కటింగ్ చెప్పారు గుర్తుందా? ఇది అదే. చివరి బ్లాకు ఎక్కడ మొదలైందో ఊహించు, దానికి ముందున్నదాని బెస్టు ఎలాగూ టేబుల్లో ఉంది, కలుపు, పెద్దది తీసుకో. ఎన్ స్క్వేర్. 450 ఫోటాన్లకి లక్ష కూడికలు, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతాయి. డైనమిక్ ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూల్లో తప్ప ఎక్కడా పనికి రాదని మా బ్యాచ్‌లో ఒక గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకంలో నేను ఇప్పుడు లేను. ఆస్ట్రోపైలో ఈ ఫంక్షన్ రెడీగా ఉంది, అయినా ఒకసారి మీరే రాసుకోండి, ముప్పై లైన్లు దాటదు.

నా ఏడు ఫోటాన్లని దీంట్లో వేశా. వాటికి విడిగా ఒక బ్లాకు ఇవ్వాలంటే ముందొక గోడ, వెనకొక గోడ. రెండు గోడల జరిమానా మామూలు సెట్టింగులో 11 పైన. ఆ బ్లాకు వల్ల వచ్చే లాభం 5 చిల్లర. అంచులు ఎంత దగ్గరికి నొక్కినా లాభం 8 దాటి కొంచెం వెళ్ళింది, అంతే. జవాబు: మొదటి నుంచి చివరిదాకా ఒకటే బ్లాకు. నా నక్షత్రం ఆ ఎనిమిది గంటల ఇరవై నిమిషాలూ ఏమీ చేయలేదు.

ఆ రాత్రే గ్రూపులో దిద్దుబాటు పెట్టా. "అది పేలుడు కాదు, యాదృచ్ఛికంగా వచ్చిన లెక్క" అని. యాదృచ్ఛికం అనే మాట రూమ్మేట్ చెప్పాడు. పెద్దనాన్న దానికి కూడా రాకెట్ బొమ్మే పెట్టాడు. అమ్మ విడిగా ఫోన్ చేసి, "అయితే ఆ నక్షత్రానికేం కాలేదుగా?" అని అడిగింది. ఏం కాలేదమ్మా అన్నాను. పోస్టర్ రిజిస్ట్రేషన్ రద్దు చేయడానికి ఒక ఫారం నింపాలి, అందులో కారణం అనే గడి ఉంటుంది. అదే అన్నిటికంటే కష్టమైంది.

హద్దు దాటినవన్నీ ఫ్లేర్లే అనుకోవద్దు. లెక్క గెలిచాక మోసగాళ్ళు మొదలవుతారు. సూర్యుడి నుంచీ భూమి అయస్కాంత క్షేత్రం నుంచీ వచ్చే తక్కువ శక్తి ప్రోటాన్లు ఒక్కోసారి ఆ ఉల్లిపాయ అద్దాల్లోంచే జారి కెమెరా మీద పడతాయి. అవి వచ్చినప్పుడు లైట్ కర్వ్ అందంగా లేస్తుంది, అచ్చం ఫ్లేర్‌లాగే. తేడా ఏంటంటే అవి ఒక్క చుక్క మీద కాదు, కెమెరా అంతా పడతాయి. కాబట్టి ఏ నక్షత్రమూ లేని ఖాళీ చోట ఇంకో గీత గీసి దాని లైట్ కర్వ్ కూడా చూడాలి. అక్కడా అదే సమయంలో లేస్తే, మీ నక్షత్రం నిర్దోషి. ఇంకో రకం, కెమెరాలో ఒక్క పిక్సెల్ పిచ్చెక్కి వాగడం. నిజమైన నక్షత్రం వెలుగు టెలిస్కోపు అద్దాల వల్ల కొద్దిగా అలుక్కుని చాలా పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది. అన్ని ఫోటాన్లూ ఒకే గడిలో పడ్డాయంటే అది ఆకాశం నుంచి రాలేదు. మూడో పరీక్ష నాకు బాగా నచ్చింది. ఎక్స్‌ఎంఎంకి మూడు టెలిస్కోపులు, మూడు కెమెరాలు కదా. నిజంగా నక్షత్రం మండితే మూడింట్లోనూ ఒకే సమయానికి కనిపించాలి. ఒక సాక్షి అబద్ధం చెప్పొచ్చు, ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒకే అబద్ధం చెప్పరు.

ఇవన్నీ దాటి నిలబడ్డదే ఎన్‌జీసీ 6540లోని ఆ ఐదు నిమిషాలు. దాని కథ ఫ్లేర్ అని తేలడంతో అయిపోలేదు, అక్కడే మొదలైంది. నక్షత్రాల మీద ఫ్లేర్ ఎలా వస్తుందంటే, మెలికలు తిరిగిన అయస్కాంత రేఖలు తెగి మళ్ళీ కలుసుకున్నప్పుడు దాచుకున్న శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది, అక్కడి వాయువు కోటి డిగ్రీలు దాటి వేడెక్కి ఎక్స్‌రేలు విసురుతుంది. చకచకా పెరిగి, మెల్లగా చల్లారడం వీటి తీరు. పెద్దవైతే గంటలు పడతాయి. న్యూట్రాన్ నక్షత్రాల మీద వచ్చే పేలుళ్ళు వేరు. అవి నిమిషం లోపు కూడా ముగుస్తాయి, కానీ వాటి వెలుగు చాలా చాలా ఎక్కువ. ఇప్పుడు ఈ చుక్కని చూడండి. నక్షత్రపు ఫ్లేర్ అనుకుంటే 300 సెకన్లలో అంత వెలుగు చాలా ఎక్కువ. న్యూట్రాన్ నక్షత్రం అనుకుంటే ఆ వెలుగు చాలా తక్కువ. పదమూడు వేల కాంతి సంవత్సరాల దూరం అని తీసుకుని లెక్కేస్తే, శిఖరం దగ్గర అది ఒక్క ఎక్స్‌రేల్లోనే మన సూర్యుడు మొత్తం వెలుగులో ఇచ్చేంత శక్తి ఇచ్చింది. పేపరు రాసినవాళ్ళు రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి వేగంగా తిరుగుతూ అయస్కాంతంగా చురుగ్గా ఉండే జంట అయి ఉండొచ్చన్నారు, హబుల్ ఫొటోలు కూడా చూసి. కానీ ఇంత తక్కువసేపట్లో ఇంత వెలుగు మామూలుగా చూడనిది కాబట్టి వేరే వివరణలకి తలుపు తీసే ఉంచారు. నాకు ఆ పేపర్లో బాగా నచ్చిన వాక్యం అదే. నేనైతే మూసేసి పెద్దనాన్నకి పంపేవాణ్ణి.

ఇవన్నీ చదివి "మెషీన్ లెర్నింగ్ పెట్టేస్తే అయిపోతుందిగా" అనేవాళ్ళు మన క్లాసులో సగం మంది ఉంటారు, నాతో సహా. పెట్టారు కూడా. నాసా చంద్ర టెలిస్కోపు ఆర్కైవ్‌లో ఫోటాన్ల పద్దులనే నేరుగా నేర్పించి, ఒకే తీరున్నవాటిని గుంపులు చేయించి వెతికితే, 2020 మే 15న పెద్ద మాగెల్లాన్ మేఘం దిక్కున వచ్చిన ఒక మెరుపు దొరికింది. మొదటి మెరుపు పది సెకన్లే. అంతకుముందు వెతికినవాళ్ళకి దొరకలేదు. ఇలా వెతకడం నాకూ ఇష్టమే. కానీ మెషీన్ వెయ్యి చుక్కలు తెచ్చి ముందు పెట్టినా, ఒక్కోదాని ముందూ కూర్చుని "ఇది ఊరికే రావడానికి అవకాశమెంత, ఎన్నిట్లో చూస్తే దొరికింది" అని అడగాల్సింది మనమే.

నేర్చుకోవడానికి మొదట దూరపు నక్షత్రాల దగ్గరికి వెళ్ళొద్దని మేడమ్ సలహా. దగ్గర్లో ఒకటుంది, రోజూ పొద్దున్నే వస్తుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్ళిన ఆదిత్య-ఎల్1లో సూర్యుడి ఎక్స్‌రేల కోసమే సోలెక్స్, హీలియోస్ అని రెండు పరికరాలున్నాయి. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న చంద్రయాన్-2లో కూడా ఎక్స్‌ఎస్‌ఎం అని ఒకటుంది, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ వాళ్ళు చేసింది. ఇస్రో వెబ్‌సైటు ప్రదాన్‌లో అకౌంట్ చేసుకుంటే ఈ డేటా మనకీ ఇస్తారు. 2019-20లో సూర్యుడు బాగా నిద్రపోతున్న రోజుల్లో, ఎక్స్‌ఎస్‌ఎం 98 బుల్లి ఫ్లేర్లు పట్టింది. సూర్యుడి ఫ్లేర్లకి ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని తరగతులున్నాయి, ఒక్కోటి ముందుదానికి పది రెట్లు. ఇవి ఏ తరగతికి కూడా అందనంత చిన్నవి. మచ్చలున్న చోట కాదు, ప్రశాంతంగా ఉన్న చోట్ల వచ్చాయి. ఇక్కడ ఫోటాన్లకి కొదవ లేదు, ఫ్లేర్ ఆకారం ఎలా ఉంటుందో కళ్ళకి అలవాటవుతుంది. నేను వారం రోజులు ఇదే చేశా. మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టండి.

తర్వాత నా నలభై చుక్కల దగ్గరికి తిరిగొచ్చి బేయిజియన్ బ్లాక్స్ అన్నిటి మీదా నడిపా. నాలుగింటికి ఒకటి కంటే ఎక్కువ బ్లాకులొచ్చాయి. ఫోన్ చేతిలోకి తీసుకున్నా. అమ్మ నంబరు కూడా తీశా. అప్పుడు గుర్తొచ్చింది. నేను పెట్టిన సెట్టింగు ఐదు శాతం అబద్ధపు అలారాలకి ఒప్పుకునేది. ఒక్కో చుక్కకీ ఐదు శాతం. నలభై చుక్కలకి? రెండు. మళ్ళీ అదే రింగులాట, ఈసారి ఖరీదైన రింగులతో. మొత్తం నలభై మీద కలిపి ఒక శాతం మించకుండా సెట్టింగు మార్చా. ఒక్కో గోడ జరిమానా దాదాపు రెట్టింపైంది. నాలుగులో రెండు రాలిపోయాయి.

మిగిలిన రెండిట్లో ఒకదానికి పక్కన ఖాళీ చోటు చూస్తే అక్కడా అదే సమయంలో లేచింది. ప్రోటాన్లు. ఇంకోటి మాత్రం మూడు కెమెరాల్లోనూ ఉంది. చకచకా పెరిగి, ఇరవై నిమిషాలు మెల్లగా చల్లారింది, పుస్తకంలో బొమ్మలాగే. ఫోటాన్లు పిక్సెళ్ళ మీద సరిగ్గా పరుచుకున్నాయి. కేటలాగులో వెతికితే ఆ చోట ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం ఉంది, తరచూ ఫ్లేర్లు ఇచ్చేదేనని నా కంటే చాలా ముందే ఎవరో రాసి పెట్టారు. కొత్తదేం కాదు. కానీ నిజం. ఆ రాత్రి రూమ్మేట్‌ని లేపలేదు, పొద్దున టిఫిన్ దగ్గర చెప్పా. వాడు ఇడ్లీ తింటూనే, "ఎన్ని బిన్లు చూశావ్?" అన్నాడు.

ఈ సెమిస్టర్‌కి ఇంకో అరవై చుక్కలు దించుకున్నా. ఫైళ్ళు ఫోల్డర్‌లో ఉన్నాయి, ఇంకా తెరవలేదు. తెరవకముందే ఒక పేజీ రాశా: ఏ పద్ధతి వాడతాను, జరిమానా ఎంత, మొత్తం మీద ఎంత శాతం తప్పుకి ఒప్పుకుంటాను, ఖాళీ చోటు ఎక్కడ తీసుకుంటాను, ఎన్ని కెమెరాల్లో కనిపిస్తే లెక్కలోకి తీసుకుంటాను. తేదీ వేసి నిన్న రాత్రి మేడమ్‌కి మెయిల్ పెట్టా, తర్వాత నేను మార్చుకోకుండా. పొద్దున ఒకే మాట రిప్లై వచ్చింది: "తెరువు."